కెంచార్లహళ్ళి ఒకటో తరగతికి అబాకస్ ఏ మేరకు పనికొస్తుంది?

చింతామణి తాలూకా కెంచార్లహళ్ళిలో ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడ. ఇటు చింతామణి, అటు బాగేపల్లి పల్లెల్లో చాలా ఇళ్ళ సంగతి ఇదే. 2011 జనాభా లెక్కల్లో కర్ణాటక మొత్తం మీద తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు 6 శాతానికి కాస్త తక్కువ. ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకున్న ఈ తాలూకాల్లో మాత్రం ఊరి మాటే తెలుగు. ఆరేళ్ళకు ఒకటో తరగతిలో కూర్చునే పిల్ల ఇంట్లో ఒకటి, రెండు, మూడు అని విని వస్తుంది. బడిలో ఒందు, ఎరడు, మూరు అని మొదలుపెట్టాలి. ఫోన్లో వినబడే రైమ్స్ పుణ్యమా అని వన్, టూ, త్రీ కూడా అప్పటికే చెవిన పడి ఉంటాయి. లెక్కపెట్టడం ఇంకా పూర్తిగా కుదరకముందే మూడు వరసల మాటలు ఆ పిల్ల నోట్లో ఉంటాయన్నమాట.

ఇలాంటి పిల్లలకు అబాకస్‌తో లెక్క నేర్పితే మేలా? పట్టణాల్లో అబాకస్ క్లాసుల బోర్డులు వెలిశాయి. నాలుగైదేళ్ళ పిల్లలను కూడా చేర్చుకునే చోట్లున్నాయి. మెదడు చురుకవుతుందని, జ్ఞాపకశక్తి పెరుగుతుందని, అన్ని సబ్జెక్టుల్లోనూ ముందుంటారని చెబుతారు. తల్లిదండ్రులు ఆశపడటంలో తప్పేమీ లేదు. ఆ హామీలను జరిగిన పరిశోధనల పక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం పని. నాకు తేలింది ముందే చెబుతాను: అబాకస్ వల్ల ప్రయోజనం ఉంది, కానీ అది ప్రకటనల్లో చెప్పే ప్రయోజనం కాదు. కెంచార్లహళ్ళి లాంటి ఊళ్ళో దానికి ఇంకో పని ఉండవచ్చు. రెండు భాషల నడుమ సంఖ్యను కంటికి చూపించడం, చేతికి అందించడం. 'ఉండవచ్చు' అన్నది తెలిసే అంటున్నాను. ఆధారాలు ఆ దారిలో కొంత దూరమే తీసుకెళతాయి.

ఒకే పేరు, మూడు వస్తువులు

ఏ అబాకస్ గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోవాలి, లేకపోతే ఎవరి మాట వారిదే అవుతుంది. బడుల్లో పాతకాలం నుంచీ ఉన్నది పది అడ్డ తీగలు, తీగకు పది పూసలు ఉన్న చట్రం. ఇందులో ఏ పూసైనా ఒకటే, దాని విలువా ఒకటే. దీని మూలం రష్యా అంగళ్ళలో వాడిన లెక్కల చట్రం. నెపోలియన్ సేనతో 1812లో రష్యా వెళ్ళి బందీ అయిన ఫ్రెంచి గణితవేత్త పోన్స్‌లే దాన్ని అక్కడ చూసి, తిరిగొచ్చాక మెట్జ్ నగరంలో పిల్లల చదువులోకి తెచ్చాడని చరిత్రకారులు రాశారు. ఇంగ్లండులో శామ్యూల్ వైల్డర్‌స్పిన్ తన శిశు పాఠశాలల్లో ఇలాంటి చట్రాన్నే వాడాడు.

రెండోది నిలువు కడ్డీల అబాకస్. పూస ఏ కడ్డీలో పడితే ఆ విలువ. పాఠ్యపుస్తకాల్లో బొమ్మగా కనిపించేది ఇదే. కన్నడ పుస్తకంలో కడ్డీల కింద బిడి, హత్తు, నూరు అని ఉంటుంది. తెలుగులో ఒకట్లు, పదులు, వందలు.

మూడోది జపాను సొరోబాన్. నడుమ ఒక పట్టీ, పట్టీకి పైన అయిదు విలువ గల పూస ఒకటి, కింద ఒకటి విలువ గల పూసలు నాలుగు. చైనా సువాన్‌పాన్‌లో పైన రెండు, కింద అయిదు ఉంటాయి. ట్యూషన్ సెంటర్లలో నేర్పేది ఈ మూడో రకమే. కొన్నేళ్ళు వేళ్ళతో పూసలు జరిపాక, పూసలను మనసులోనే చూస్తూ లెక్క చేయడం అక్కడి గమ్యం. మలేసియాలో 1993లో మొదలైన యూసీమాస్ వంటి సంస్థల ద్వారా ఈ పద్ధతి మన దేశంలో విస్తరించింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. జపాను ప్రభుత్వ పాఠ్యప్రణాళికలో సొరోబాన్ వచ్చేది 3, 4 తరగతుల్లో, అదీ కొద్ది గంటలే. ఒకటో తరగతి పిల్లలు బిళ్ళలతో, దిమ్మెలతో మొదలుపెడతారు. సొరోబాన్ పుట్టి పెరిగిన దేశంలోనే ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఆగుతుంటే, మనం నాలుగేళ్ళ పిల్ల చేతికి దాన్ని ఇవ్వడానికి గట్టి కారణం ఉండాలి. అలాంటి కారణం నాకు పరిశోధనల్లో కనిపించలేదు.

వల్లె వేయడం, లెక్కపెట్టడం

నాలుగేళ్ళ పిల్ల ఇరవై దాకా గడగడా చెబితే ఇంట్లో అందరూ మురిసిపోతారు. ఆ పిల్లనే 'ఆరు చింతగింజలు ఇవ్వు' అని అడిగితే గుప్పెడు తీసి ఇచ్చేస్తుంది. రోచెల్ గెల్మన్, గాలిస్టెల్ 1978లో లెక్కపెట్టడంలో ఇమిడి ఉన్న సూత్రాలను విడమర్చి చెప్పారు. ఒక వస్తువుకు ఒకే మాట, మాటల వరస మారకూడదు, ఆఖరున పలికిన మాటే మొత్తం ఎన్నో చెబుతుంది. 1990 ప్రాంతంలో కరెన్ విన్ చేసిన పరీక్ష సరిగ్గా ఈ చింతగింజల పరీక్షే, వాడిన వస్తువులు బొమ్మలు. పిల్లలు ముందు 'ఒకటి' అంటే ఏమిటో తెలుసుకుంటారు, కొన్ని నెలలకు 'రెండు', మరి కొన్నాళ్ళకు 'మూడు'. ఆ తర్వాత ఒక దశలో ఆఖరి మాటే మొత్తం అన్న సంగతి బోధపడుతుంది. అప్పటినుంచి ఎంత అడిగినా లెక్కపెట్టి ఇస్తారు. వల్లె వేయడానికీ, ఈ దశకూ మధ్య నెలలకు నెలలు పట్టవచ్చు.

పది తీగల చట్రం ఉపయోగపడేది ఇక్కడే. పిల్ల పూసను కుడి నుంచి ఎడమకు తోస్తుంది, తోస్తూ ఒక మాట పలుకుతుంది. పక్కన కూర్చుని చూస్తే తప్పు ఎక్కడ పుడుతోందో తెలిసిపోతుంది. కొందరిలో నోరు చేతికంటే ముందు పరుగెడుతుంది: 'అయిదు' అనేసరికి నాలుగు పూసలే జరిగి ఉంటాయి. కొందరు 'పదకొండు' అనే పొడుగు మాటకు రెండు పూసలు తోస్తారు, ఒక్కో ముక్కకు ఒక్కోటి. తోసేసిన పూసలు ఒక పక్కకు చేరి ఉంటాయి, ఇంకా తోయాల్సినవి మరో పక్క ఉంటాయి. లెక్కపెట్టినదాన్నే మళ్ళీ లెక్కపెట్టే ప్రమాదం తగ్గుతుంది. నేలమీద చెల్లాచెదురుగా పోసిన గింజలకు ఈ వెసులుబాటు లేదు. తర్వాత 'ఎన్ని జరిగాయి?' అని అడగాలి. పిల్ల మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడితే ఆఖరి మాటే మొత్తం అన్న సూత్రం ఇంకా అందలేదని అర్థం. ఈ చూపు టీచరుకు దొరకడమే చట్రం వల్ల తొలి లాభం అని నా ఉద్దేశం.

మరి రెండు భాషల సంగతి? కేటీ వాగ్నర్, డేవిడ్ బార్నర్, మరి కొందరు కలిసి 2015లో ప్రచురించిన అధ్యయనం మన ఊరికి చాలా దగ్గరగా ఉంది. అమెరికాలో రెండు భాషలు మాట్లాడే చిన్నపిల్లల మీద జరిగింది. 'ఒకటి', 'రెండు', 'మూడు' వంటి చిన్న సంఖ్యల అర్థాలను పిల్లలు ఏ భాషకాభాషలో విడిగా నేర్చుకుంటున్నట్టు కనిపించింది. కానీ ఆఖరి మాటే మొత్తం అన్న సూత్రం ఒక భాషలో పట్టుబడితే రెండో భాషలోకి చాలావరకు తనంతట తానే వచ్చేస్తోంది. ఇదే ఇక్కడా నిజమైతే, తెలుగింటి పిల్లకు ఆ సూత్రం తెలుగులోనే ముందుగా పట్టుబడేలా చూడటం కన్నడ లెక్కకు అడ్డు కాదు, సాయమే. ఇంట్లో అవ్వ దగ్గర వామనగుంటలాటలో గింజలు పంచడం బడి లెక్కకు ముందు మెట్టు అవుతుంది. తెలుగు తెలిసిన టీచరు మొదటి రెండు నెలలు పూసలను తెలుగులో జరిపించి, ఆ పూసలతోనే కన్నడ మాటలు పలికిస్తే పిల్ల మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాల్సిన పని ఉండదు. జరిగిన ఏడు పూసలు ఏడు అన్నా అవే, ఏళు అన్నా అవే.

పది దాటాక భాష ఎంత సాయం చేస్తుందన్నది ఇంకో ప్రశ్న. కెవిన్ మిల్లర్ బృందం 1995లో చైనా, అమెరికా పిల్లలను పోల్చింది. పది లోపు తేడా లేదు. పది దాటగానే చైనా పిల్లలు ముందుకు పోయారు. చైనా భాషలో పదకొండు అంటే 'పది ఒకటి', ఇరవై ఒకటి అంటే 'రెండు పది ఒకటి'. ఇంగ్లిష్‌లో ఎలెవెన్, ట్వెల్వ్‌లలో పది వినబడనే వినబడదు. మన రెండు భాషలూ ఈ విషయంలో మధ్యరకం. తెలుగులో పదమూడు, పదహారులలో పది వినిపిస్తుంది, పన్నెండు, పంతొమ్మిదిలలో చెదిరిపోయింది. ఇరవై దాటితే నడక తిన్నగా సాగుతుంది: ఇరవై ఒకటి, ముప్పై నాలుగు. కన్నడలోనూ ఇప్పత్తొందు, మూవత్తనాల్కు అంటూ ఇలాగే సాగుతుంది. పైగా నలవత్తు, ఐవత్తు, అరవత్తులలో హత్తు ఛాయ చెవికి అందుతుంది. మన నలభై, యాభై, అరవైలలో అది అంతగా అందదు. అయితే కన్నడలో ఇంకో చిక్కుంది. ఒంబత్తు అంటే 9, ఎంబత్తు అంటే 80, తొంబత్తు అంటే 90. తొమ్మిది, ఎనభై, తొంభై అని అలవాటైన చెవికి ఈ మూడూ కలిసిపోయినట్టుంటాయి. చట్రం మీద ఒక పూస తక్కువ తీగ, ఎనిమిది నిండు తీగలు, తొమ్మిది నిండు తీగలు పక్కపక్కన చూపితే కన్ను కలపదు. భాష ఒక్కటే దేశాల మధ్య తేడాలన్నింటికీ కారణం అనలేం. ఇళ్ళలో లెక్కకు ఇచ్చే ప్రాధాన్యం, బడిలో గడిపే సమయం అన్నీ అందులో కలిసే ఉంటాయి.

ఇంకో అధ్యయనం కూడా ఇక్కడ చెప్పాలి. ఎలిజబెత్ స్పెల్కీ, సనా త్సివ్‌కిన్ 2001లో రష్యన్, ఇంగ్లిష్ రెండూ వచ్చినవాళ్ళకు కొత్త కూడికలు ఒక భాషలో నేర్పి, రెండు భాషల్లోనూ అడిగారు. కచ్చితమైన జవాబులు నేర్చుకున్న భాషలో వేగంగా వచ్చాయి, రెండో భాషలో నెమ్మదించాయి. సుమారుగా ఎంత అన్న అంచనాకు మాత్రం భాష అడ్డు రాలేదు. కన్నడలో మగ్గి, అంటే ఎక్కాలు, వల్లె వేసిన పిల్ల ఇంట్లో నాన్న తెలుగులో 'ఏడారులు ఎంత?' అని అడిగితే తడుముకోవడం మందబుద్ధి కాదని దీనివల్ల అర్థం చేసుకోవచ్చు.

పదహారులో ఒకటి

కాన్‌స్టన్స్ కామీ పిల్లల ముందు 16 బిళ్ళలు పోసి, కాగితం మీద 16 అని రాసి, '6' అంకెను చూపి ఇది ఏ బిళ్ళలు అని అడిగేది. పిల్లలు ఆరు బిళ్ళలు చూపేవారు. '1' అంకెను చూపి అడిగితే చాలామంది ఒక్క బిళ్ళనే చూపేవారు. మిగిలిన తొమ్మిది ఏమయ్యాయన్న ప్రశ్న వాళ్ళకు తట్టదు. ఒకటి, రెండు తరగతుల పిల్లల్లోనే కాదు, అంతకంటే పెద్దవాళ్ళలోనూ ఆమెకు ఇది ఎదురైంది.

ఇలా ఒక్క బిళ్ళనే చూపిన పిల్లకు నిలువు కడ్డీల అబాకస్ ఇస్తే ఏమవుతుంది? హత్తు కడ్డీలో ఒక పూస, బిడి కడ్డీలో ఆరు పూసలు వేసి 'హదినారు' అని చెబుతుంది. జవాబు సరి. పదుల కడ్డీలోని పూస పదెందుకైందో మాత్రం ఆ పూస చూపించదు. రంగు అదే, సైజు అదే. వస్తువు కూడా ఒక గుర్తేనని, పిల్లలు దాన్ని బొమ్మగా చూస్తున్నప్పుడు అది దేనికి గుర్తో మరిచిపోతారని డేవిడ్ ఉట్టల్, జూడీ డెలోచ్ 1997లో చెప్పిన మాట ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అందుకే కడ్డీలకు ముందు కట్టలు రావాలి. చీపురుపుల్లలు పది లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేస్తే ఒక కట్ట. కట్ట విప్పితే పదీ బయటపడతాయి. పదికి ఒకటి, ఒకటికి పది అన్నది పిల్ల తన చేత్తో కట్టి, విప్పి చూస్తుంది. ఇలా కొన్ని వారాలు చేశాక కట్ట పక్కన కడ్డీని పెట్టి, ఈ కట్ట బదులు ఈ పూస అంటే ఆ మాటకు ఆధారం ఉంటుంది.

ఈ దారి ఈ ప్రాంతానికి కొత్త కాదు. చింతామణికి అంత దూరం కాని మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో, పల్లె బడుల కోసం పద్మనాభరావు, రమ రూపొందించిన బహుళ తరగతి పద్ధతిలో కార్డులు, వస్తువులు, మెట్లుమెట్లుగా సాగే నిచ్చెన ఉంటాయి. ఒకే గదిలో వేర్వేరు స్థాయిల పిల్లలు ఎవరి మెట్టు మీద వాళ్ళు ఉంటారు. మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు ఆ బడులను చూసి వచ్చి, యూనిసెఫ్ తోడ్పాటుతో 1995లో మొదలుపెట్టిందే నలి-కలి. తర్వాత అది కర్ణాటక ప్రభుత్వ కన్నడ బడుల చిన్న తరగతులన్నింటికీ చేరింది. తెలుగు పల్లెల బడుల్లో పుట్టిన పద్ధతి కన్నడంలో పెరిగి, తిరిగి తెలుగింటి పిల్లల ముందుకు రావడం నాకు సంతోషం కలిగించే విషయం. నలి-కలి గదిలో ఒకటి, రెండు, మూడు తరగతులు కలిసి కూర్చుంటాయి కాబట్టి అబాకస్ వాడకం కూడా తరగతిని బట్టి కాకుండా మెట్టును బట్టి ఉండే వీలుంది. కొంచెం పెద్ద తరగతులకు అక్షర ఫౌండేషన్ 'గణిత కలికా ఆందోలన' ద్వారా ప్రభుత్వ బడులకు లెక్కల పెట్టెలు అందాయి. వాటిలో అబాకస్ ఒక్కటే కాదు, పదుల దిమ్మెలు, భిన్నాల ముక్కలు, గడియారం కూడా ఉంటాయి. ముందు వస్తువు, తర్వాత బొమ్మ, ఆపైన అంకె అన్నది దాని క్రమం.

వస్తువులతో నేర్పడం వల్ల ఎంత లాభం? కార్బొన్నో, మార్లీ, సెలిగ్ 2013లో 55 అధ్యయనాలను కలిపి చూశారు. అంకెలతో మాత్రమే నేర్పడం కంటే వస్తువులతో నేర్పడం మేలేనని తేలింది, కానీ ఆ మేలు చిన్నది నుంచి ఓ మోస్తరు వరకే. నేర్చుకున్నది గుర్తుండటంలో లాభం ఎక్కువగా, కొత్త రకం లెక్కకు అన్వయించడంలో తక్కువగా కనిపించింది. టీచరు ఎలా నడిపిస్తారన్నదాని మీద ఫలితం ఆధారపడుతోంది. పెట్టె వచ్చినంత మాత్రాన లెక్క రాదు.

వడోదరలో మూడేళ్ళు

ఇక సొరోబాన్ పూసలను మనసులోనే జరుపుతూ చేసే మనోగణితం. ఆరితేరినవాళ్ళ నైపుణ్యం నిజమే, అందులో సందేహం లేదు. గియూ హటానో 1977లోనూ తర్వాతా జపాను నిపుణుల మీద చేసిన పరిశోధనలు, జేమ్స్ స్టిగ్లర్ 1984లో చైనా పిల్లల మీద రాసినది, అన్నీ వాళ్ళు మనసులో అబాకస్ బొమ్మనే చూస్తున్నారని బలంగా సూచించాయి. చేసే తప్పులు కూడా పూసల తప్పులే. మైకేల్ ఫ్రాంక్, డేవిడ్ బార్నర్ 2012లో గుజరాత్‌లో అబాకస్ నేర్చిన పిల్లలను పరీక్షించారు. లెక్క చేస్తున్నప్పుడే వేరే మాటలు పలకమని అడ్డు పెట్టినా వాళ్ళు పెద్దగా తడబడలేదు. మామూలు పద్ధతిలో మనసులో లెక్క చేసేవాళ్ళు తడబడ్డారు. అంటే ఈ లెక్క మాటల మీద అంతగా ఆధారపడటం లేదు. రెండు భాషల ఊరికి ఇది ఆశ పుట్టించే విషయమే. కానీ వాళ్ళు బాగా సాధన చేసి, పైకొచ్చిన పిల్లలు.

మామూలు పిల్లల సంగతి తేల్చడానికి ఇదే బృందం వడోదరలో పేద పిల్లలు చదివే ఒక బడిలో మూడేళ్ళ ప్రయోగం చేసింది. ఫలితాలు 2016లో వచ్చాయి. మొదట్లో 5 నుంచి 7 ఏళ్ళ వయసున్న 204 మంది పిల్లలు. ఎవరు ఏ గుంపు అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. అబాకస్ గుంపుకు అబాకస్, రెండో గుంపుకు అంతే సమయం మామూలు లెక్కలు. కూడిక, తీసివేత వంటి గణనలో అబాకస్ పిల్లలు ముందుకొచ్చారు. జ్ఞాపకశక్తి వంటి మూల సామర్థ్యాల్లో మాత్రం మార్పు రాలేదు. అంతేకాదు, మొదట్లోనే దృశ్యాలను మనసులో నిలుపుకునే శక్తి బాగా ఉన్న పిల్లలే అబాకస్‌ను ఎక్కువగా అందుకున్నారు. మెదడును అబాకస్ పెంచుతుందన్న ప్రకటనకు ఇది సూటిగా వ్యతిరేకం. ఆ సామర్థ్యం తక్కువగా ఉన్న పిల్ల వెనకబడిపోయే అవకాశం ఉందన్నది గది నిండా పిల్లలున్న టీచరు ఆలోచించాల్సిన సంగతి.

ఈ బృందమే 2018లో అమెరికాలో ఒక బడిలో ఏడాది ప్రయోగం గురించి రాసింది. ఒకటో తరగతి పిల్లలు ఏడాది పొడుగునా కష్టపడ్డా అబాకస్ సరిగా పట్టుబడలేదు. రెండో తరగతివాళ్ళకు కొంత నయం. గణనలో గానీ జ్ఞాపకశక్తిలో గానీ చెప్పుకోదగ్గ ఆధిక్యం ఏ తరగతికీ రాలేదు. పెద్ద పిల్లల్లో స్థాన విలువ విషయంలో కొంచెం మేలు జాడలు కనిపించాయి. కొద్దికాలపు కార్యక్రమంగా దీన్ని చేపట్టే ముందు ఆచితూచి అడుగేయమని రాసినవాళ్ళే అన్నారు. ఈ రెండు ప్రయోగాలనూ కలిపి చదివితే నాకు కనబడేది కాలం. మూడేళ్ళు విడవకుండా సాగితే గణన మెరుగవుతుంది, ఒక్క ఏడాదికి చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

ఒకటో తరగతికి ఎందుకు కష్టమో ఒక్క లెక్క చేసి చూస్తే తెలుస్తుంది. సొరోబాన్ మీద 38కి 5 కలపాలి. పదుల కడ్డీలో మూడు పూసలు పైకి ఉన్నాయి. ఒకట్ల కడ్డీలో అయిదు విలువ పూస కిందికి, కింది పూసలు మూడు పైకి, ఎనిమిది. ఇంకో అయిదు కలపడానికి అక్కడ చోటు లేదు. కాబట్టి అయిదు కలపడమంటే పది కలిపి అయిదు తీసేయడం. పదుల కడ్డీలో ఒక పూస పైకి తోయాలి, ఒకట్ల కడ్డీలో అయిదు పూసను పైకి లేపేయాలి. మిగిలింది నాలుగు పదులు, మూడు ఒకట్లు, 43. కలపమంటే తీసేయడమేమిటన్న ప్రశ్న ఎనిమిదేళ్ళ పిల్లకు వస్తుంది, దానికి జవాబూ చెప్పవచ్చు. ఆరేళ్ళ పిల్లకు ఆ ప్రశ్న రాకుండానే వేలు జరిగిపోతుంది. వేలి కదలిక సరిగా ఉండి, దాని వెనక పది ఎలా పుట్టిందో తెలియకపోతే, కామీ చూపిన 16 దగ్గరికే మళ్ళీ వచ్చినట్టు.

బయట నేర్చింది బడికి రావడం కూడా అంత తేలిక కాదు. డిల్లన్, స్పెల్కీ, డుఫ్లో తదితరులు ఢిల్లీలో ప్రథమ్ నడిపే 214 బాలబడుల్లో 1,540 మంది పిల్లలతో లెక్కల ఆటలు ఆడించి 2017లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువ తక్కువలను కంటితో పోల్చే సహజ శక్తి పెరిగి, ఏడాది దాటినా నిలిచింది. ఒకటో తరగతి లెక్కల చదువులో మాత్రం దాని ప్రభావం కనిపించలేదు. అభిజిత్ బెనర్జీ, డుఫ్లో, మరి కొందరి 2025 అధ్యయనం కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో సరుకు అమ్మే 1,436 మంది పిల్లలను, 471 మంది బడి పిల్లలను చూసింది. సంత పిల్లలు గిరాకీ అడిగిన చిత్రమైన తూకాలకు కూడా ధర నోటితో తేల్చేస్తారు. అదే రకం లెక్క పుస్తకంలో ఉన్నట్టు రాసి ఇస్తే చేయలేకపోయారు. బడి పిల్లలకు పుస్తకం లెక్క కొంత వచ్చు, సంత లెక్క రాదు. టమాటా బాక్సుల లెక్క, రేషం గూళ్ళ తూకం, డెయిరీలో పాల లీటర్ల లెక్క రోజూ వినే చింతామణి ప్రాంతపు పిల్లలకు ఇది నేరుగా తగిలే విషయం. కోలారు మార్కెట్లో టమాటా బాక్సు 15 కిలోలు. నాలుగు బాక్సులు ఎన్ని కిలోలు అని ఇంటి దగ్గర తెలుగులో తేల్చిన లెక్కను, బడిలో పూసల మీద వేసి, పలక మీద కన్నడ అంకెలతో రాయించే పని ఎవరో ఒకరు కావాలని చేయాలి. తనంతట అది జరగదు.

అవసరం ఎంతో చెప్పడానికి ఒక్క అంకె చాలు. అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో అరువు తెచ్చుకునే రెండంకెల తీసివేత చేయగలిగినవాళ్ళు 33.7 శాతం. 2022లో 25.9 శాతం. మెరుగుదల ఉంది, అయినా ముగ్గురిలో ఇద్దరికి ఇంకా రావడం లేదు. అరువు తెచ్చుకోవడం అంటే పుల్లల కట్ట విప్పడమే. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకూ చదవడం, లెక్కపెట్టడం రావాలని 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ పెట్టుకున్న గడువు 2026-27.

ఊళ్ళో చేసి చూడదగ్గది

ఇంతవరకు చూసినదాన్ని బట్టి నా సూచన ఇది. ఒకటో తరగతిలో పది తీగల చట్రం, చింతగింజలు, పుల్లల కట్టలు చాలు. సొరోబాన్ వద్దు. చట్రంలో ప్రతి తీగకూ అయిదు పూసలు ఒక రంగు, అయిదు ఇంకో రంగు ఉంటే మంచిది. నెదర్లాండ్స్‌లో ట్రెఫర్స్ రూపొందించిన చిన్న చట్రం కిటుకు ఇదే. ఏడును అయిదూ రెండుగా కన్ను ఒక్కసారిగా పట్టుకుంటుంది, ఒకటి నుంచి లెక్కపెట్టే అలవాటు తగ్గుతుంది. కమ్మరి దగ్గర తీగ, సంతలో పూసలు దొరికితే ఇది ఊళ్ళోనే చేయించుకోవచ్చు. రెండో తరగతిలో కట్టలు కుదిరాక నిలువు కడ్డీలు. సొరోబాన్ నేర్పాలన్న ఉత్సాహం, నేర్పగల టీచరు ఉంటే మూడో తరగతి నుంచి, అదీ మూడేళ్ళు సాగించే ఏర్పాటు ఉంటేనే.

ఈ సూచన వేరే చోట్ల జరిగిన అధ్యయనాల నుంచి వచ్చింది. వడోదర పిల్లల బడి వేరు, అమెరికా పిల్లల భాషలు వేరు. కాబట్టి చిన్న పరీక్ష ఒకటి పెట్టుకుని అమలు చేయడం న్యాయం. జూన్‌లో ఒకటో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ఇరవై చింతగింజలు ముందు పెట్టి, ఒక రోజు 'ఏడు ఇవ్వు' అని తెలుగులో, ఇంకో రోజు 'ఏళు కొడు' అని కన్నడలో అడగాలి. సగం మందికి తెలుగు ముందు, సగం మందికి కన్నడ ముందు. మూడు, అయిదు, ఏడు, పన్నెండు చాలు. ఫలితాలను పిల్లకు గానీ ఇంట్లోవాళ్ళకు గానీ మార్కులుగా చెప్పకూడదు. మార్చిలో ఇవే ప్రశ్నలు మళ్ళీ, వాటితోపాటు 16 బిళ్ళల ప్రశ్న. ఒక్క ఊరి ఒకటో తరగతిలో ఉండే కొద్దిమందితో ఏదీ తేలదు. చుట్టుపక్కల ఊళ్ళ బడులు కలవాలి. ఏ బడికి చట్రం, ఏ బడికి అంతే సమయం గింజలు, కట్టలు మాత్రమే అన్నది చీటీలు వేసి నిర్ణయించాలి. ఉత్సాహం ఉన్న టీచర్లే చట్రం తీసుకుంటే మార్చిలో కనిపించే తేడా చట్రానిదో టీచరుదో చెప్పలేం.

నేను ముఖ్యంగా చూడాలనుకునేది జూన్‌లో తెలుగులో ఏడు ఇవ్వగలిగి కన్నడలో ఇవ్వలేకపోయిన పిల్లలను. చట్రం ఉన్న బడుల్లో ఆ పిల్లలు దసరా సెలవులకు ముందే కన్నడలోనూ ఇవ్వగలిగితే, భాషల మధ్య పూసలు పని చేస్తున్నాయన్న నా ఊహకు బలం వస్తుంది. అందుకే జూన్, మార్చిలతోపాటు దసరాకు ముందు కూడా ఒక చిన్న పరీక్ష పెట్టాలి. గింజలూ కట్టలూ మాత్రమే ఉన్న బడుల్లో కూడా అంతే వేగంగా వస్తే, చట్రానికి పెట్టే డబ్బును తెలుగు తెలిసిన టీచరుకో, అంగన్‌వాడీలో ఇంకో గంట ఆటకో మళ్ళించాలని చింతామణి బ్లాక్ విద్యాధికారిని అడగడానికి నాకు అభ్యంతరం ఉండదు.